ఈశాన్యం ఎవరి వాటా?

మరిది: నా ప్లానులో పదకొండు చోట్ల దిద్దావు వదినా. గేటు జరిపావు, పొయ్యి జరిపావు, మెట్లు తిప్పావు, నీళ్ల ట్యాంకు తీసుకెళ్లి నైరుతి మూల మీద కూర్చోబెట్టావు. నీ వాటా వెడల్పు 20 అడుగులు, నా వాటా వెడల్పూ అంతే. అందులో ఎనిమిది దిక్కుల్నీ ఎలా ఇరికిద్దామని?

వదిన: నేనేం ఇరికించడం లేదబ్బాయ్. దిక్కులు మనకంటే ముందునుంచీ అక్కడే ఉన్నాయి. తర్వాత వచ్చి ఇరుక్కున్నది మనం. అయినా నా దిద్దుబాట్లలో మంత్రతంత్రాలు ఏమున్నాయో చూపించు. నైరుతి గోడ గట్టిగా మూసి కట్టమన్నాను. ఈశాన్యం వైపు కిటికీలు పెద్దవి పెట్టమన్నాను. మే నుంచి అక్టోబరు దాకా బర్మా రంగంలో, మన తాకేటా పేటలో వాన ఎటునుంచి కొడుతుంది? నైరుతి నుంచి. సాయంత్రం ఎండ ఎటునుంచి కాలుస్తుంది? పడమటి నుంచి. రెండు దెబ్బలూ తగిలే మూలని మూసెయ్యమనీ, పొద్దుటి వెలుగు వచ్చే మూలని తెరిచి ఉంచమనీ వాస్తు శాస్త్రం చెప్పింది. నీ చదువు ఇంతకంటే వేరే ఏం చెబుతుంది?

మరిది: వాన విషయంలో వేరే ఏమీ చెప్పదు. ఆ గోడ దగ్గర నేను నీ పక్షమే. మరి ఏప్రిల్ మాటేమిటి? ఇల్లంతా ఉడికిపోయే నెలలో మనకి ఊపిరి పోసేది దక్షిణం నుంచీ నైరుతి నుంచీ వచ్చే సముద్రపు గాలి. గోడ మూసేస్తే వానతోబాటు గాలీ ఆగిపోతుంది. అదే గోడకి ఎండాకాలంలో ఒక జవాబు, వానాకాలంలో ఒక జవాబు. రెక్కల కిటికీ పెడితే కాలాన్ని బట్టి తెరుచుకుంటాం, మూసుకుంటాం. మీ శాస్త్రంతో నాకున్న పేచీ ఇక్కడే. కిటికీ తెరిచి మూసే మనిషిని అది లెక్కలోకి తీసుకోదు.

వదిన: తీసుకోదు, నిజమే. మనిషిని నమ్ముకుంటే ఏమవుతుందో 2008 మే నెలలో చూశాం. నర్గీస్ తుపాను వచ్చిన రాత్రి ఈ పేటలో రేకులు కాగితాల్లా లేచిపోతుంటే కిటికీ రెక్క పట్టుకుని నిలబడ్డవాడెవడు? గోడ అయితే నిద్రపోదు, మరిచిపోదు. సరే, ఏప్రిల్ గాలి సంగతి నేను ఆలోచించలేదు. పైన చిన్న కిటికీ ఒకటి పెట్టు, అడ్డం రాను.

మరిది: నాకు అసలు మింగుడుపడనిది ఇంకోటుంది. ఆ ఎనర్జీ అనే మాట. ఈశాన్యం లోంచి ఎనర్జీ వస్తుందట, నైరుతిలో నిలుస్తుందట, నట్టనడుమ స్తంభం ఉంటే ఆగిపోతుందట. మయమతం, మానసారం లాంటి వాస్తు గ్రంథాల్లో ఉన్నవి గడులు. స్థలాన్ని 64 గానో 81 గానో గడులు గీసి, 81 గడుల లెక్కలో 45 మంది దేవతల్ని కూర్చోబెట్టారు. కింద బోర్లా పడుకున్న వాస్తుపురుషుడికి తల ఈశాన్యాన, కాళ్లు నైరుతిన. అది గొప్ప ఊహ, కాదనను. దాన్ని తీసుకొచ్చి ఇప్పుడు కరెంటు వైరింగులా చూపిస్తే ఒళ్లు మండుతుంది. కరెంటే అయితే మీటరేదీ?

వదిన: మీటరు నా కాళ్లు. ఈ ఇంట్లో తెల్లారుజాము నుంచి పొద్దుపోయేదాకా తిరిగేది మీ అన్నదమ్ములు కారు. మీ అన్నయ్య ఓడ మీద, నువ్వు సైటు మీద. అత్తయ్య వంటిల్లు గుర్తుందా? వెనకాల వాయవ్యం మూల, పక్కింటి గోడకి ఆనుకుని. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరేది. కరెంటు పోయిన రోజు చేట పట్టుకుని వీధి మెట్ల మీదికొచ్చి కూర్చునేది. ఆగ్నేయంలో పొయ్యి పెట్టమన్నవాడెవడో గాని, వంటచేసే మనిషి మీద పొద్దుటి వెలుగు పడాలనైనా అనుకున్నాడు. దాన్ని ఎనర్జీ అనడం నీకు ఇష్టం లేకపోతే నీకు నచ్చిన పేరు పెట్టుకో. నేను అడిగేది ఆ వెలుగు.

మరిది: అడగడంలో తప్పు లేదు వదినా. ఆ చీకటి వంటింటి నేరం అమ్మ చేసింది కాదు, కట్టించినవాళ్లది. ఆ మాట వాళ్ల తరఫున నేను ఒప్పుకోవాలి. మరి ఇప్పుడు నీ ఆగ్నేయం ఎక్కడికొచ్చిందో చూడు. మన వీధి దక్షిణాన ఉంది. నీ గేటు దక్షిణ ఆగ్నేయంలో, నీ పొయ్యీ ఆగ్నేయంలో. చెప్పులు విడిచే చోటే పోపు వేస్తావు. పైగా వానాకాలం గాలి నైరుతి నుంచి. నువ్వు ఙపి చేపల ముద్ద వేయించిన రోజు ఆ పొగ నీ ఇంట్లో ఉండదు, తూర్పు వాటాలో ఉన్న నా పడకగదిలోకి వస్తుంది. శాస్త్రం ప్రకారం నీ ఇంటికి దోషం లేదు. దోషమంతా నా దిండుకి పట్టుకుంటుంది.

వదిన: చిన్నప్పుడు ఆ ఙపి కోసమే నా వంటింటి గుమ్మంలో కూర్చునేవాడివి, అది మరిచిపోయావు. ఇంతకీ శాస్త్రం ఇక్కడ పనికిరాదనే కదా నీ వాదన? పరాయి దేశం, పరాయి నేల అంటావు.

మరిది: కాదు, అంత సులువుగా కొట్టిపారెయ్యను. ఇక్కడివాళ్లు మనల్ని కోరంగీలంటారు. గోదావరి మొగ దగ్గరి పాత రేవు పేరది. ముత్తాత ఓడెక్కింది కాకినాడలోనే అయినా, ఆయన నెత్తిన పడింది కోరంగి పేరే. మ్యాపు తీసి చూడు. కోరంగీ, ఈ రంగమూ ఇంచుమించు ఒకే గీత మీద ఉన్నాయి, భూమధ్యరేఖకి ఉత్తరంగా 16 డిగ్రీల 48 నిమిషాల దగ్గర. అక్కడ మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఇక్కడా ఆ వారాల్లోనే వస్తాడు. ఆ మధ్య మూడు నెలలూ మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, అక్కడా ఇక్కడా. సూర్యుడి వరకూ నీ శాస్త్రం బంగాళాఖాతం దాటినా పరాయిది కాలేదు.

వదిన: చూశావా, నా వాదన నాకంటే నువ్వే బాగా చెప్పావు. శాస్త్రానికి మొదలే సూర్యుడు. నేలలో నిటారుగా కర్ర పాతి, చుట్టూ గుండ్రంగా గీత గీస్తారు. పొద్దున నీడ కురచనవుతూ ఆ గీతని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక నీడ పొడుగవుతూ మళ్లీ తాకిన చోట ఇంకో గుర్తు. రెండింటినీ తాడుతో కలిపితే తూర్పు పడమరలు తేలిపోతాయి. ఫోనులో దిక్సూచి పక్కన ఇనప చువ్వ ఉంటే తికమకపడుతుంది. కర్రకి ఆ బెంగ లేదు.

మరిది: కర్రకి దండం పెడతాను. నేను చెప్పబోయేది ఇంకా ఉంది. సూర్యుడు ఒకడే, నీళ్లు మాత్రం వేరు. గోదావరి సీమలో నేల వాలు తూర్పుకి, నదీ తూర్పుకే. ఈశాన్యం పల్లంగా ఉండాలి, నీళ్లు అక్కడే ఉండాలి అంటే ఆ నేల చెప్పినట్టే ఉంటుంది. తాకేటాకి పడమట పజుందాంగ్ వాగు, తూర్పు వైపు బగో నది. రెండింటిలోనూ పోటు వస్తే నీరు ఎదురెక్కుతుంది, ఆటుకి వెనక్కి పోతుంది. ఇక్కడ పల్లం ఎటో గడియారాన్ని అడగాలి. కాకినాడలో ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల వాన అనుకో, ఇక్కడ 2,700 దగ్గర. జులైలో మన దొడ్డిలో నీళ్లు నిలిచినప్పుడు ఈశాన్యం, నైరుతి అన్నీ ఒకే చెరువు.

వదిన: ఆ చెరువులో మీ అన్నయ్య పెళ్లిపీటలు తేలడం నాకూ గుర్తుంది. నేల వాలు సంగతి ఒప్పుకుంటాను. మెరక పోయించేటప్పుడు నీళ్లు వీధి కాలవకే పోనీ, దక్షిణమైనా సరే.

మరిది: ఇది పెద్ద మాట వదినా. నువ్వు దక్షిణానికి వాలు ఒప్పుకున్నావంటే ఇంకో మాట కూడా అనగలను, కోప్పడకు. ఆ గ్రంథాలు నేలకి రంగులు కట్టాయి. తెల్లమట్టి బ్రాహ్మడికి, ఎర్రమట్టి క్షత్రియుడికి, పసుపు వైశ్యుడికి, నలుపు శూద్రుడికి. వరాహమిహిరుడి బృహత్సంహితలో దిక్కులూ అలాగే పంచారు. ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర, అదే వరస. మన ముత్తాత రంగం రేవులో బియ్యం బస్తాలు మోసిన కూలీ. ఆ లెక్కన ఆయనకి దక్కేది నల్లమట్టి, పడమటి చివర. ఎవర్ని ఎక్కడ ఉంచాలో రాసిన పుస్తకాన్ని, మనం ఎక్కడ పడుకోవాలో చెప్పమని అడుగుతున్నాం.

వదిన: దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉందని బుకాయించను. ఒక మాట మాత్రం విను. ఆ ముత్తాత రేవు దగ్గర కూలీల బ్యారక్‌లో పడుకునేవాడని మామ్మ చెప్పేది. ఒకే గదిలో పక్కకి తిరగడానికి చోటు లేనంతమంది. పగటి పనివాడు లేచిన చాప మీద రాత్రి పనివాడు వాలేవాడు. తల తూర్పుకా, ఉత్తరానికా అని ఆయన్ని ఎవరడిగారు? 1930 మేలో రేవులో గొడవలు. 1942లో అరకాన్ కొండల మీదుగా కాలినడక. 1964లో ఓడలెక్కి విశాఖపట్నం వెళ్లిపోయినవాళ్లు బర్మా క్యాంపులో కొత్త బతుకు మొదలెట్టారు. పోకుండా మిగిలినవాళ్లం మనం. 1959లో పట్నం గుడిసెలు తీసేయించి వాగు అవతల ఈ ఊరు వేసినప్పుడు, 40 అడుగుల వెడల్పూ 60 అడుగుల పొడుగూ ఉన్న ముక్క చేతికొచ్చింది. ఇది నా ఈశాన్యం, ఇది నా నైరుతి అని మనవాళ్లు వేలు పెట్టి చూపించడం అదే మొదటిసారి. ఆ పుస్తకం మనకోసం రాయలేదన్నావు. రాయకపోతేనేం, నేను తీసుకున్నాను. తీసుకున్నది ఇక నాది.

మరిది: అలా అంటే నేను తలొంచాల్సిందే. అయినా తీసుకున్నదాన్ని తరచి చూడొద్దూ? ష్వేడగోన్ పగోడాకి వెళ్తావు కదా. అక్కడ వారానికో దిక్కు, దిక్కుకో గ్రహం. శుక్రవారం పుట్టినవాళ్లు ఉత్తరాన నీళ్లు పోస్తారు, శుక్రుడు అక్కడ. నీ వాస్తులో శుక్రుడు ఆగ్నేయంలో. వాళ్ల గురువు పడమట, నీ గురువు ఈశాన్యంలో. వాళ్ల సూర్యుడు ఈశాన్యంలో, నీ సూర్యుడు తూర్పున. గ్రహాలు రెండు చోట్లా ఒకటే, ఆ లెక్క ఇటునుంచే అటు వెళ్లింది. దిక్కులో నిజంగా శక్తి ఉంటే రెండు లెక్కలూ ఒకచోట కలవాలి కదా. అంతెందుకు, హైదరాబాదులో పాత సచివాలయానికి వాస్తు బాగాలేదన్నారు. 2023 ఏప్రిల్ 30న కొత్తది తెరిచారు. తెరిచినవారి ప్రభుత్వం ఆ డిసెంబరులోనే ఓడిపోయింది.

వదిన: పెద్దవాళ్ల కుర్చీల వాస్తు నాకెందుకు? వాళ్లు భవనం మార్చగలరు, నేను పొయ్యి మార్చుకుంటాను, అంతే. గ్రహాల సంగతంటావా, నేను ఇంకో వైపు చూస్తాను. పక్కింటి బర్మా ఆవిడ ఇంట్లో ఎర్రగుడ్డ కట్టిన కొబ్బరికాయ ఎక్కడ వేలాడుతుంది? ఆగ్నేయం స్తంభానికి. మహాగిరి నత్ అనే ఇంటి దేవత కోసం. ఆయన తగౌంగ్ ఊరి కమ్మరి. రాజు చంపకం చెట్టుకి కట్టి సజీవంగా కాల్పించాడని కథ. కాలినవాడికి చల్లదనం కోసం కొబ్బరినీళ్లు. మనం అగ్నిని ఏ మూల పెట్టామో, వాళ్లు అగ్నిలో పోయినవాడిని ఆ మూలే కూర్చోబెట్టారు. గ్రహాలు కలవకపోవచ్చు. ఆ మూల దగ్గర మంటని తలుచుకోవడం కలిసింది.

మరిది: రెండు జాతులు ఒకే మూలని తలుచుకోవడం అందంగా ఉంది. రుజువు మాత్రం కాదు.

వదిన: రుజువని నేననలేదు. కొబ్బరికాయ కట్టినావిడ నన్ను చూసి నవ్వదు, నేను ముగ్గేస్తే ఆవిడకి వింతగా ఉండదు. ఈ ఊళ్లో నాకు అది తక్కువేం కాదు.

మరిది: సరే, కొబ్బరికాయ బరువు ఎంతైనా నాకు పరవాలేదు. నీ ట్యాంకు బరువుతోనే నా పేచీ. 400 గ్యాలన్ల ట్యాంకు, నీళ్లు నిండితే 1,800 కిలోలు. దాన్ని మేడ మీద ఒక మూల పెట్టి, ఆ మూల గోడలే దట్టంగా కట్టి, ఎదురు మూల అంతా కిటికీలు పెడితే, భూమి కదిలినప్పుడు ఇల్లు నిటారుగా ఊగదు, మెలి తిరుగుతుంది. 1930 మే 5న బగో భూకంపం రంగాన్నీ కుదిపింది. 2025 మార్చి 28న సగాయింగ్‌లో 7.7 తీవ్రత. అది ఏ పగులు మీద వచ్చిందో, ఆ పగులే కిందికి బగో పక్కనుంచి దిగుతుంది. మన కింద ఉన్నది మెత్తటి ఒండ్రు. నైరుతి బరువుగా ఉండాలన్న మాట మట్టిగోడ, తాటాకు ఇంటికి చెల్లింది. కాంక్రీటు స్తంభాల మేడకి అది ప్రమాదం.

వదిన: ఇది ముందే చెప్పొచ్చు కదా. ఇల్లు మెలి తిరుగుతుందని తెలిసీ పట్టుబట్టే మూర్ఖురాలినా నేను? పెద్ద ట్యాంకు నేల మీదికి దించు, నైరుతిలోనే ఉండనీ. పైన చిన్నది పెట్టు, ఎక్కడైనా సరే. చూడు, ఇప్పటిదాకా ఎన్ని వదులుకున్నానో. ఇక ఈశాన్యంలో బోరు మాత్రం వదలను.

మరిది: వదలొద్దు. కాగితం మీద నువ్వే గుర్తు పెట్టు. నీది పడమటి వాటా. ఈశాన్యం మూల ఎక్కడొస్తుంది?

వదిన: ఇక్కడ. వెనకాల, కంచె పక్కన.

మరిది: మరుగుదొడ్డి గుంట ఈశాన్యంలో రాకూడదు, నైరుతిలో గొయ్యి తవ్వకూడదు, వాయవ్యంలో పెట్టుకోవచ్చు. అంతే కదా? నేనూ నీ శాస్త్రమే పాటిస్తాననుకో. నాది తూర్పు వాటా. నా వాయవ్యం ఎక్కడొస్తుంది?

వదిన: ఇక్కడ... కంచెకి ఇవతల.

మరిది: నీ బోరుకి అవతల. ఇద్దరం తప్పు చెయ్యకుండా శాస్త్రం పాటిస్తే, నీ తాగునీళ్లకీ నా గుంటకీ మధ్య ఒక్క రేకు కంచె. మెత్తటి నేల, చేతికందే లోతులో నీళ్లు, వానాకాలం అంతా ఒకటే. బోరుకీ గుంటకీ కనీసం 50 అడుగులు ఉండాలని మా లెక్క. నా గుంట సంగతి వదిలేసినా, నీ వాటాలోనే నీ ఈశాన్యానికీ నీ వాయవ్యానికీ మధ్య 20 అడుగులు దాటవు.

వదిన: ...

మరిది: నిన్ను ఓడిద్దామని చెప్పలేదు వదినా.

వదిన: ఓడిపోయానని ఆగలేదు. ఆలోచిస్తున్నాను. స్థలం పొడుగు వెడల్పుకి రెండింతలు దాటకూడదని కూడా శాస్త్రంలోనే ఉందబ్బాయ్. మామయ్య చేతికొచ్చినప్పుడు ఇది 40, 60. ఒకటిన్నర రెట్లు. నిలువునా చీల్చాక 20, 60. మూడు రెట్లు. అప్పుడు కాగితం మీద గీత గీసింది ఎవరు?

మరిది: నేనే. అన్నయ్య చెబితే గీశాను.

వదిన: ఇంకొకటి. మొత్తం స్థలానికి నట్టనడుమ బ్రహ్మస్థానం. అక్కడ స్తంభం ఉండకూడదు, గోడ ఉండకూడదు, ఖాళీగా ఉండాలి. మామయ్య ఉన్నన్నాళ్లూ అక్కడ నులక మంచం వేసుకునేవాడు. ఇప్పుడక్కడ ఏముంది?

మరిది: కంచె.

వదిన: నువ్వు దిక్కులు ఇరుకైపోయాయంటావు. ఇరుకు చేసింది ఎవరో చెప్పమంటే నీళ్లు నములుతావు.

మరిది: వాటాలు వాస్తు కోసం వెయ్యలేదు వదినా. రేపు పిల్లల మధ్య గొడవలు రాకూడదని వేశాం. ఎవరి గుమ్మం వాళ్లకుంటే మాటలు మిగులుతాయని అన్నయ్యే అన్నాడు. అదీ ఒక సమతూకమే. కలిసున్న ఇళ్లు కోర్టుల పాలవడం ఈ పేటలో మనం చూడలేదా?

వదిన: చూశాను. అందుకే ఆ రోజు నోరెత్తలేదు. ఇవాళ నీళ్ల దగ్గరికొచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఇళ్లు వేరే ఉండనీ, పొయ్యిలు వేరే ఉండనీ. వెనక సగం కంచె తీసేసి బోరు ఒకటి, గుంట ఒకటి వేస్తే నీ లెక్క ఏం చెబుతుంది?

మరిది: మొత్తం స్థలానికి ఈశాన్యం మూల నా వైపు వస్తుంది. బోరు అక్కడ. దూరం ఎక్కువ కావాలంటే గుంట నైరుతి మూల, ఎదురెదురు మూలలకి 72 అడుగులు.

వదిన: నైరుతిలో గొయ్యా? నా ప్రాణం పోయినా ఒప్పుకోను.

మరిది: అయితే పడమటి గోడకి సరిగ్గా మధ్యలో, నీ వైపు.

వదిన: నీళ్లు నీకు, గుంట నాకా? పైగా పడమర వరుణుడి దిక్కు. ఆయన ఇంట్లో ఆ కంపు పెట్టమంటావు.

మరిది: గుంట ఎత్తించే ఖర్చు నాది. బోరు మోటారు కరెంటు బిల్లు కూడా నాదే.

వదిన: బిల్లు సంగతి సరే. మీ అన్నయ్య ఓడ దిగాక నువ్వే చెప్పాలి, కంచె సంగతి. నేను చెబితే వదిన వాస్తు పిచ్చి అంటాడు.

మరిది: నేను చెబితే తమ్ముడికి స్థలం మీద ఆశ అంటాడు.

వదిన: అయితే ఇద్దరం కలిసి చెబుదాం. ఈలోగా ఆ దూరం సరిగ్గా కొలువు. అంచనాలు నాకొద్దు.

మరిది: కొలిచాను. అడ్డం 40, నిలువు 30. టేపు బోరు నుంచి గుంటకి ఏటవాలుగా లాగితే సరిగ్గా 50 అడుగులు. టేపు మధ్యలో కంచెకి తగిలింది. అక్కడ రెండు రేకులు విప్పాల్సి వచ్చింది, ఇంకా తిరిగి బిగించలేదు.